కళ్ళు కల్లయిన చోట: ఒక ఆడియో పుస్తకాల యాప్ మీద నా అభిప్రాయం

మార్కులు ముందే వేసేస్తాను. పుస్తకాల ఎంపికకి ఐదుకి నాలుగు. యాప్ పనితీరుకి మూడున్నర. చదివేవాళ్ళ ఉచ్చారణకి రెండు, అదీ చాలావరకు ఇద్దరు మనుషుల పుణ్యం. వాళ్ళ సంగతి కిందికి వస్తే ఉంది.

యాప్ పేరు రాయడం లేదు. ఫోన్లో 'తెలుగు ఆడియో పుస్తకాలు' అని కొడితే నాలుగైదు కనపడతాయి, అందులో ఇదొకటి. ఏడాది చందా 999 రూపాయలు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి కట్టింది. నేను బెజవాడలో ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేసి రిటైరయ్యాను. గేలీ ప్రూఫుల రోజుల నుంచి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వచ్చేదాకా అక్షరాల్నే చూసీ చూసీ, ఇప్పుడు పొద్దు వాలితే సన్న టైపు కంటికి ఆనడం లేదు. "చదవలేకపోతే వినండి నాన్నా" అంది. సరే అన్నాను. పొద్దున్న బందరు కాలవ గట్టు మీద నడుస్తూ, రాత్రి పడుకోబోయే ముందు వింటున్నాను.

బాగున్నవి చెప్పేస్తే ఒక పనైపోతుంది. పాత వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి ఆ తర్వాత పుస్తకంగా దొరక్కుండా పోయిన నవలలు ఇందులో బోలెడున్నాయి. డిటెక్టివ్ నవలలు, పిల్లల కథలు, యాత్రా విశేషాలు, ఆఖరికి వంటల పుస్తకం కూడా ఉంది. వంటల పుస్తకాన్ని వినడమేమిటో నాకు అంతుపట్టలేదు గానీ మా ఆవిడ కూర తరుగుతూ అదే వింటుంది. వైఫై ఉన్నప్పుడు దించిపెట్టుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. అరగంటకి ఆగిపోయేట్టు పెట్టుకుని నిద్రపోవచ్చు. ఆపిన చోటు గుర్తుపెట్టుకుంటుంది. చార్జింగ్ కాస్త ఎక్కువే తింటుంది, పాత ఫోన్ కాబట్టి ఆ నేరం మొత్తం యాప్ మీద వెయ్యను.

పేచీ అంతా గొంతుల దగ్గర.

మొదట పెట్టుకున్నది ఒక కుటుంబ నవల. చదివే అమ్మాయి గొంతు తీయగా ఉంది. ఎక్కడ ఆగాలో తెలుసు, ఏడుపు సీనులో అతి చెయ్యదు. మూడో అధ్యాయంలో హీరోయిన్ రాత్రంతా ఏడ్చి లేచింది. "ఆమె కల్లు ఎర్రగా ఉన్నాయి" అంది ఈ అమ్మాయి. కల్లు తెల్లగా కదా ఉంటుంది? ఇక అక్కణ్ణుంచి నా చెవి కథ మీద నిలబడలేదు. సాయంత్రం 'వేల' వచ్చాడు, నాట్య'కల' నేర్చుకుంది, 'పెల్లి' చూపులకి 'వెల్లారు', 'నీల్లు' తాగారు. తెలుగులో కలకీ కళకీ, వేలకీ వేళకీ, కల్లుకీ కళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క ళ. నాలుకని కాస్త వెనక్కి మడిస్తే చాలు. అది మడవకపోతే హీరోయిన్ ఏడ్చిందో తాగిందో తెలియదు.

ఈ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. నా వృత్తిలో నేర్చుకున్న ఒక విషయం ఉంది. అచ్చులో తప్పుంటే కన్ను దాన్ని గమనించకుండా దాటేస్తుంది, మెదడు తనే దిద్దుకుని చదువుకుంటుంది. అందుకే ప్రూఫ్ రీడరనే వాడొకడు కావలసివచ్చాడు. చెవికి ఆ వెసులుబాటు లేదు. 'కల్లు' అని వినపడగానే బుద్ధి తాటితోపులోకి పోతుంది. అక్కణ్ణుంచి దాన్ని లాక్కొచ్చేసరికి హీరోయిన్ రైలెక్కేసి ఉంటుంది. పుస్తకంలో అయితే వెనక్కి ఒక లైను చూసుకుంటాం. ఇక్కడ నడక ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, వెనక్కి జరిపే బాణం గుర్తు వెతికి నొక్కాలి. చిరాకు అంటే ఇదే. పండితుడి పట్టుదల అని మా వాకింగ్ మిత్రుడు ఎగతాళి చేస్తాడు. పోస్టాఫీసులో చేసి దిగిన మనిషి, అడ్రసులో ఒక్క అక్షరం తప్పితే ఉత్తరం ఏ ఊరికి పోతుందో నాకంటే ఆయనకే ఎక్కువ తెలియాలి.

ళ ఎందుకు పోతోందంటే నాకు తోచింది చెబుతాను. ఇంగ్లీషులో ఆ ధ్వని లేదు. బళ్ళో నేర్చుకునే హిందీలోనూ లేదు. మరాఠీలో ఉంది, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో ఉంది. మన పిల్లలు పొద్దున్నుంచీ వినేది, మాట్లాడేది మాత్రం లేని రెండు భాషలు. టీవీలో యాంకర్లు దాన్ని ఇంకాస్త ముద్దుచేశారు. ఇలా అంటే మిత్రుడు, "ఱ పోలేదా? మీరు గుఱ్ఱం అని రాసే రోజులు పోయాయిగా, ఎవరేడ్చారు?" అన్నాడు. మాట నిజమే. ఱకీ రకీ పలకడంలో తేడా ఎప్పుడో చెరిగిపోయింది, తర్వాత రాతలోంచీ పోయింది. అయితే ఆ తేడా పోయినా మనకి గుర్రం గుర్రంలాగే ఉంది. కళ్ళు కళ్ళలా లేవు.

ఒత్తక్షరాల దగ్గర నేను అంత కఠినంగా ఉండను. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భ వంటివి లేవు. సంస్కృతం మాటలతో పాటు వచ్చాయి. 'బూమి', 'దర్మం', 'గనంగా' అనే పల్లెటూరి మనిషి తప్పు చేయడం లేదు, తెలుగు నోరు ఎలా తిరుగుతుందో అలాగే తిప్పుతున్నాడు. మా అమ్మ బతికినన్నాళ్ళూ 'బారతం' అనే అంది, ఆవిడకి వచ్చినంత భారతం నాకు రాదు. కానీ డబ్బు తీసుకుని పుస్తకం చదివేవాళ్ళకి ఆ మినహాయింపు ఇవ్వలేను. "మద్యతరగతి కుటుంబంలో పుట్టాడు" అని ఒక జీవితచరిత్ర మొదలైంది. అది మధ్యతరగతి అని నాకు అర్థమవడానికి తర్వాతి వాక్యం కావలసివచ్చింది. 'విద్యాశాక మంత్రి' అంటే ఆకుకూరల మంత్రి అనిపించింది. ఒక కథల సంపుటి మొదట్లోనే "ఇది ఒక పేదరాలి కద" అని వినపడి, అవును కదా అనబోయాను.

కథ, ప్రథమ, అతిథి, అర్థం: వీటిలో థ బదులు ధ పలకడం ఇంకో జబ్బు. దీని మూలం నోట్లో లేదు, అచ్చులో ఉందని నా నమ్మకం. ధకీ థకీ తేడా లోపల ఒక్క చుక్క. సీసం అక్షరాల కాలంలో ఆ చుక్క చుట్టూ సిరా పూడిపోతే థ కాస్తా ధలా కనపడేది. పెళ్ళిపత్రికల్లో, సభల బ్యానర్ల మీద 'ముఖ్య అతిధి' చూసీ చూసీ జనం అలాగే పలకడం మొదలెట్టారు. అర్ధం అంటే సగం. అర్ధరాత్రిలో ఉన్నది అది. "నాకు అర్ధమైంది" అని చదివేవాడికి సగమే అయిందని నేననుకుంటే నా తప్పు కాదు. మా ఆఫీసులో ఈ ఒక్క మాటకి నేను గీసిన ఎర్రసిరా గీతలు కలిపితే బెజవాడ నుంచి గుడివాడ వెళ్ళేవి.

ఇంతవరకూ చెప్పినవి అలవాటు తప్పులు. వీటికంటే ఎక్కువ ఒళ్ళు మండించేవి అతి తప్పులు. లేని చోట ఒత్తు పెట్టేవాళ్ళు. ఈ యాప్‌లో ఒక పెద్దాయన గొంతుంది, గంభీరంగా, ఖంగుమంటూ. పురాణాలూ, ఆధ్యాత్మికాలూ అన్నీ ఆయనవే. ఆయనకి 'బాధ' సరిపోదు, 'భాధ' కావాలి. సందర్భం 'సంధర్భం', నిబంధన 'నిభంధన', ప్రబంధం 'ప్రభంధం', దీర్ఘం 'ధీర్ఘం'. ముందుమాటలో ఎవరో ఆయన ఉచ్చారణని మెచ్చుకున్నారు. ఆ మెప్పుని ఆయనే చదివి వినిపించాడు, 'ఉచ్ఛారణ' అని.

ఒత్తు వదిలేసేవాడు ఉన్నదాంతో సరిపెట్టుకుంటున్నాడు. ఒత్తు అంటించేవాడు లేని పాండిత్యాన్ని చూపిస్తున్నాడు. చెవికి రెండూ తప్పులే, మనసుకి రెండోదే గుచ్చుకుంటుంది. శని ష చెయ్యడమూ ఈ కోవలోదే. పల్లెల్లో 'సాంతి', 'సివుడు' అంటారు, వినడానికి హాయిగానే ఉంటుంది. పట్నం గొంతుల్లో అది 'షాంతి', 'షివుడు', 'షనివారం' అవుతుంది. స నుంచి శకి ఎక్కబోయి ఇంకో మెట్టు పైకి పోయారన్నమాట. అలాగే ఫలితం, ఫలం అనేటప్పుడు కింది పెదవిని పంటితో నొక్కి ఇంగ్లీషు కాఫీలో ఫలా పలుకుతారు. అది ఇప్పుడు ఊరంతా ఉంది, దాంతో పోరాడే ఓపిక నాకు లేదు. ఋ సంగతీ అంతే. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళలోనే ఒకరు క్రిష్ణ అంటారు, ఒకరు క్రుష్ణ అంటారు. నది రెండింటికీ పలుకుతోంది.

ఇక మరమనిషి గొంతు. యాప్‌లో ఉన్నవాటిలో పాత పుస్తకాలు కొన్నిటికి మనిషి లేడు, కంప్యూటరే చదువుతుంది. ముఖచిత్రం మీద ఆ సంగతి చిన్నక్షరాల్లో రాశారు, కంటిచూపు తగ్గి వినడానికొచ్చినవాడు అది ఎలా చదవాలో వాళ్ళకే తెలియాలి. చిత్రమేమిటంటే ఇది ళ తప్పదు, ణ తప్పదు, ఒత్తులన్నీ ఉన్నచోటే ఉంటాయి. అయినా పది నిమిషాలకంటే వినలేం.

కారణం ఏమిటా అని కొన్నాళ్ళు ఆలోచించాను. తెలుగు రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం అని మనం గొప్పలు చెప్పుకుంటాం. అది సగమే నిజం. బ్రాహ్మణుడు అని రాస్తాం, హని మ తర్వాతకి జరిపి పలుకుతాం. చిహ్నం, మధ్యాహ్నం కూడా అంతే. జ్ఞానం అని రాసి జని గ చేస్తాం. 'వచ్చాడు' అన్నప్పుడు ఆ మధ్యలో ఉన్నది ఆ కాదు, ఆకీ ఏకీ నడుమ ఇంకోటి. దానికి మనకి అక్షరమే లేదు. చాప, చుక్క, చోటు అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వస్తుంది. చిలక, చేప, చెరువు అన్నప్పుడు అంగిలికి తగులుతుంది. చంద్రుడు, చక్రం సంస్కృతం నుంచి వచ్చినవి కాబట్టి వాటిదీ అంగిలి చకారమే. జడలో జ ఒకటి, జనంలో జ ఒకటి. పాత నిఘంటువుల్లో ఈ తేడా తెలియడానికి పైన గుర్తు పెట్టి ౘ, ౙ అని అచ్చువేసేవారు. తర్వాత తర్వాత అది అచ్చులోంచి పోయింది, నోట్లో మిగిలింది. మరమనిషికి నోరు లేదు. 'చాలా చలిగా ఉంది' అన్నా, 'జొన్నరొట్టె' అన్నా ఉన్న ఒక్క చనీ ఒక్క జనీ వాడేస్తుంది. తెలుగు అచ్చుని తు.చ. తప్పకుండా చదివితే తెలుగు కాకుండా పోతుందని ఇది విన్నాకే నాకు తెలిసింది.

అంకెలు వచ్చాయంటే ఇంకా వినోదం. '1947' కనపడగానే "వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు" అంటుంది. లెక్క తప్పు కాదు, కానీ పంతొమ్మిది వందల నలభై ఏడు అని తప్ప మనింట్లో ఎవరం అంటాం? '2వ అధ్యాయం' అంటే "రెండు వ అధ్యాయం". '15న' అంటే "పదిహేను న". 'క్రీ.శ.' అని రాసినచోట "క్రీ" అని ఆగి "శ" అంటుంది, ఎవరినో నిశ్శబ్దంగా ఉండమన్నట్టు. 'డా.' కూడా డానే, డాక్టరు ఎప్పటికీ రాడు.

మనుషులు చదివిన వాటిలోనూ ఒక యాత్రల పుస్తకం నన్ను విసిగించింది. చదివినాయన మెదక్‌ని 'మేడక్' అన్నాడు, తణుకుని 'టనుకు' అన్నాడు, నూజివీడుని 'నుజ్విద్' అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది తెలుగు అక్షరాలు కావని, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగని నా అనుమానం. ఆ లిపిలో తకీ టకీ ఒకటే అక్షరం, దకీ డకీ ఒకటే, నకీ ణకీ ఒకటే. ఊరు తెలియనివాడికి దారి లేదు. 2005 దాకా మన కడపని ఇంగ్లీషులో ఎలా రాసేవారో తలుచుకోండి, అది చూసి చదివినవాడు 'కుద్దపా' అన్నా మనం ఏమీ అనలేం.

ఒక తప్పు మాత్రం ఉచ్చారణ తప్పుల జాబితాలో ఎవరూ వెయ్యరు. నేను వేస్తాను. ఉత్తరాంధ్ర మీద ఒక నవల ఉంది. అందులో ముసలమ్మ "నాను సెప్పినాను గదేటి" అని ఉన్నచోట చదివేవాడు "నేను చెప్పాను కదా" అని దిద్ది చదివాడు. పుస్తకం నా దగ్గర ఉంది, పక్కన పెట్టుకుని చూశాను. పుస్తకం పొడుగునా ఇదే పని. రచయిత చెవిపెట్టి విని రాసుకున్న మాటని ఈయన శుభ్రం చేశాడు. ఆ ముసలమ్మ నోట 'సెప్పినాను' అనేదే సరైన ఉచ్చారణ. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి "సదువు కాదు, చదువు" అని పదిమందిలో దిద్దేవాళ్ళని మా వీధిలో చూశాను, మా ఆఫీసులో చూశాను. వాళ్ళ చిరాకు భాష గురించి కాదని ఎదుటివాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ ఇద్దరి గురించి. ఒకావిడ తెలంగాణ మనిషి, మాట తీరు బట్టి కరీంనగర్ వైపు అనుకుంటాను. 'పోయిండు', 'గట్లనే' ఉన్న కథల్ని ఆ రాగంతోనే చదువుతుంది. మామూలు పుస్తక భాష వచ్చినా ఆ రాగం పూర్తిగా పోదు, పోనివ్వదు. కానీ ఒక్క ళ జారదు. ణ ఉన్నచోట ణ ఉంటుంది, థ థలా ఉంటుంది. ఉర్దూ మాటలు వస్తే గొంతులోంచి ఎలా రావాలో అలా వస్తాయి. మిత్రుడికి వినిపిస్తే "యాస అండీ, మనకి పడదు" అన్నాడు. "మీరు మాట్లాడేది యాస కాదని ఎవరన్నారు?" అని అడిగితే కాసేపు అలిగి నాలుగడుగులు ముందు నడిచాడు.

రెండో ఆయన వయసు మీరినవాడు, సీమ వైపు మనిషి. రేడియో నాటకాల్లో పనిచేసి ఉంటాడని నా ఊహ. 1948లో మా ఊళ్ళో ఆకాశవాణి కేంద్రం పెట్టాక తెలుగు ఎలా పలకాలో చాలా ఇళ్ళకి ఆ పెట్టే నేర్పింది. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నార్, ఏడిద గోపాలరావు వార్తలు చదువుతుంటే మా నాన్న గడియారం సరిచేసుకుంటూ మాటలూ సరిచేసుకునేవాడు. ఈయన గొంతులో ఆ తరం ఉంది. సమాసం వస్తే ఎక్కడ విరవాలో తెలుసు. ఒత్తు పలుకుతాడు, నొక్కి చూపించడు. అక్కడక్కడా కాగితం తిప్పిన చప్పుడు వినపడుతుంది, దాన్ని తీసేయనందుకు యాప్ వాళ్ళకి నా వందనాలు.

ఫిర్యాదుల సంగతి. ప్రతి పుస్తకం కింద 'లోపం తెలపండి' అనే బొత్తం ఉంది. పాత అలవాటు ఊరుకోదుగా. ఏ అధ్యాయంలో ఎన్నో నిమిషంలో ఏ మాట ఎలా వినపడింది, ఎలా ఉండాలి అని పట్టిక రాసి పంపాను. "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదములు" అని వెంటనే జవాబొచ్చింది, మనిషి రాసింది కాదని తెలుస్తూనే ఉంది. తర్వాత చాలా రోజులు చప్పుడు లేదు. వదిలేశాను అనుకున్న సమయంలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సర్, కళ్ళు అధ్యాయం మళ్ళీ చదివించాం, వినండి" అంది. విన్నాను. కళ్ళు కళ్ళయ్యాయి. అదే అధ్యాయంలో ఉన్న పెళ్ళి పెల్లిగానే ఉంది, అది నా పట్టికలో లేదు మరి. అడిగినంతవరకే చేశారు, చేశారు కాబట్టి అర మార్కు కలిపాను. పైన వేసిన రెండు అది కలిపాకే.

మా ఆవిడ ఇవేవీ పట్టించుకోదు. మరమనిషి చదివిన వంటల పుస్తకంలో '2 చెం.' అంటే "రెండు చెం" అని వినపడినా రెండు చెంచాలే వేస్తుంది. "కథ తెలిస్తే చాలదా?" అంటుంది. మీరూ ఆ కోవలోవాళ్ళయితే, ప్రయాణాల్లో కాలక్షేపానికి వింటే, 999 ఎక్కువేం కాదు. డాలస్‌లో మా మనవరాలికి మాత్రం పిల్లల కథలు ఇందులోంచి పెట్టొద్దని చెప్పాను, కరీంనగర్ ఆవిడ చదివినవి తప్ప. అక్కడ ఆ పిల్ల తెలుగు వినేది ఇంట్లో ఇద్దరి నోటా, ఈ ఫోన్లో. విన్నదే నేర్చుకుంటుంది.

కొనేముందు ఒకటి చూసుకోండి. ప్రతి పుస్తకానికీ ఐదు నిమిషాల నమూనా ఉచితం. మొదటి నిమిషం ఎవరైనా బాగానే చదువుతారు, మూడో నిమిషం నుంచి వినండి. పుస్తకం పేరుతో, రచయిత పేరుతో వెతకొచ్చు గానీ చదివినవాళ్ళ పేరుతో వెతికే వీలు లేదు. నాకు కావలసిన రెండు గొంతుల్ని పట్టుకోవడానికి ఒక్కో పుస్తకం తెరిచి చూసి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ వెతుకులాట సౌకర్యం ఇస్తే వచ్చే ఏడాది చందా నేనే కడతాను, లేకపోతే నెలవారీకి మారి ఆ ఇద్దరివీ అయిపోగానే ఆపేస్తాను.